మీ క్రిమినల్ లాయర్ అనుభవం ఎంత? కావలి వాసులకు పనికొచ్చే సర్కారు కొలబద్ద

‘మావాడి మీద కేసు పెట్టారట, కావలిలో మంచి క్రిమినల్ లాయర్ ఎవరైనా ఉంటే చెప్పండి.’

వాట్సాప్ గ్రూపుల్లో ఇలాంటి మెసేజ్ పడితే పది నిమిషాల్లో నాలుగు పేర్లు వస్తాయి. ఒకరు తమ పొలం దావా గెలిపించిన లాయరు పేరు చెబుతారు. ఇంకొకరు చెక్ బౌన్స్ కేసు చూసిన ఆయన నంబరు ఇస్తారు. మరొకరు ‘నెల్లూరు నుంచి పెద్దాయన్ని పిలిపించండి, ఖర్చుకు వెనకాడొద్దు’ అంటారు. ఆ పేర్లలో హత్యాయత్నం కేసునో, పోక్సో కేసునో మొదటి సాక్షి నుంచి తీర్పు దాకా నడిపిన అనుభవం ఎవరికుందో మాత్రం ఎవరూ చెప్పరు. అడగాలని కూడా చాలామందికి తోచదు.

ఆపరేషన్ చేసే డాక్టరు ఏం చదివారో బోర్డు చూసి తెలుసుకుంటాం. జైలుకు వెళ్లాలా, ఇంటికి రావాలా అన్నది తేలే కేసులో లాయరు నేపథ్యం తెలుసుకునే మార్గం ఉందా? ఉంది. ఉచిత న్యాయసహాయం కోసం తాను నియమించుకునే డిఫెన్స్ లాయర్లకు ఎంత అనుభవం ఉండాలో దేశంలోని న్యాయసేవల వ్యవస్థ అంకెలతో సహా రాసిపెట్టింది. ఆ కొలబద్ద ఉచిత లాయరు కావాలనుకునేవారికే కాదు, ఫీజు ఇచ్చి లాయర్ను పెట్టుకునేవారికీ పనికొస్తుంది.

క్రిమినల్ లాయర్ అంటే వేరే డిగ్రీ ఉంటుందా?

ఉండదు. ఇంటర్ తర్వాత ఐదేళ్లు గానీ, డిగ్రీ తర్వాత మూడేళ్లు గానీ లా చదవాలి. రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకోవాలి. దీన్నే ఎన్‌రోల్‌మెంట్ అంటారు. ఆ తర్వాత బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా పెట్టే ఆలిండియా బార్ పరీక్ష పాస్ కావాలి. 2010లో ప్రవేశపెట్టిన ఈ పరీక్ష చెల్లుతుందని 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. అక్కడితో చట్టం అడిగే అర్హతలు అయిపోయినట్టే. 1961 నాటి అడ్వొకేట్స్ చట్టం సివిల్ లాయర్, క్రిమినల్ లాయర్ అని రెండు గుంపులు చేయలేదు. ఎన్‌రోల్ అయిన ఎవరైనా భూమి దావా వేయొచ్చు, హత్య కేసూ వాదించొచ్చు.

కాబట్టి క్రిమినల్ లాయర్ తయారయ్యేది కాలేజీలో కాదు, కోర్టు హాల్లో. మొదటి ఏళ్లు సీనియర్ దగ్గర జూనియర్‌గా గడుస్తాయి. వాయిదా పిటిషన్లు వేయడం, జామీనుదారుల కాగితాలు సరిచూడటం, ఛార్జిషీటు కాపీ తీసుకోవడం, బెయిలు పిటిషన్ రాయడం లాంటి పనులు అప్పుడే నేర్చుకుంటారు. తర్వాత మేజిస్ట్రేట్ కోర్టులో చిన్న దొంగతనం, కొట్లాట, ప్రమాదం కేసుల విచారణ చేతికి వస్తుంది. అక్కడ సాక్షిని క్రాస్ ఎగ్జామినేషన్ చేయడం అలవాటవుతుంది. హత్య, అత్యాచారం, పోక్సో లాంటి తీవ్రమైన కేసులు నడిచే సెషన్స్ కోర్టు మెట్టు ఆ తర్వాతిది.

ఇరవై ఏళ్ల ప్రాక్టీసు ఉన్న లాయరు ఒక్క సెషన్స్ కేసూ నడపకపోయి ఉండొచ్చు. ఎనిమిదేళ్ల అనుభవం ఉన్నవారు పాతిక కేసులు నడిపి ఉండొచ్చు. అందుకే ఎన్నేళ్లు అనే ప్రశ్న ఒక్కటే చాలదు. ఎన్ని విచారణలు, ఏ కోర్టులో అన్నవి కూడా అడగాలి.

ఈ వివరాలు లాయర్లే ఎందుకు చెప్పుకోరు?

చెప్పుకోకూడదు కాబట్టి. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనల్లో 36వది లాయర్లు ప్రకటనలు ఇచ్చుకోవడాన్ని, కేసుల కోసం వెంటపడటాన్ని నిషేధించింది. 2008లో దాన్ని కొంత సడలించారు. పేరు, చిరునామా, ఫోన్, ఎన్‌రోల్‌మెంట్ నంబరు, చదువు, ఏ తరహా కేసులు చూస్తారు అన్నంత వరకు వెబ్‌సైట్‌లో పెట్టుకోవచ్చు. గెలిచిన కేసుల జాబితా, నంబర్ వన్ అన్న బిరుదులు కుదరవు.

ఫోన్‌లో వెతికితే మాత్రం స్టార్ రేటింగులతో లాయర్ల జాబితాలు కనిపిస్తాయి. ఇలా లాయర్లకు రేటింగులిచ్చి సేవలను సరుకులా అమ్మే ఆన్‌లైన్ వేదికలపై చర్యలు తీసుకోవాలని 2024 జులైలో మద్రాసు హైకోర్టు బార్ కౌన్సిల్‌ను ఆదేశించింది. ఆ చుక్కలు చూసి కేసు అప్పగించడం సురక్షితం కాదు. అసలు వివరాలు మీరే అడిగి తెలుసుకోవాలి.

సర్కారు కొలబద్ద ఏం చెబుతోంది?

ఉచిత న్యాయసహాయం కింద గతంలో ప్యానెల్‌లో ఉన్న ప్రైవేటు లాయర్లకే కేసులు అప్పగించేవారు. వాళ్లు సొంత కేసులు చూసుకుంటూనే వీటినీ చూసేవారు. జాతీయ న్యాయసేవల సంస్థ నల్సా ఈ పద్ధతిని క్రిమినల్ కేసుల్లో మార్చింది. 2019లో కొన్ని జిల్లాల్లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, 2022లో సవరించిన పథకంతో దేశమంతటికీ విస్తరించడం ప్రారంభించింది. దీని పేరు లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ సిస్టమ్. కోర్టుల్లో పొట్టిగా ఎల్ఏడీసీ అంటారు.

నిందితుల తరఫున వాదించడమే ఇందులో పనిచేసేవారి పూర్తికాలపు ఉద్యోగం. ప్రైవేటు ప్రాక్టీసు చేయకూడదు. మూడు స్థాయిలున్నాయి.

• చీఫ్ డిఫెన్స్ కౌన్సెల్: క్రిమినల్ ప్రాక్టీసులో కనీసం 10 ఏళ్ల అనుభవం. సెషన్స్ కోర్టుల్లో కనీసం 30 క్రిమినల్ విచారణలు నడిపి ఉండాలి.

• డిప్యూటీ డిఫెన్స్ కౌన్సెల్: కనీసం 7 ఏళ్లు, 20 సెషన్స్ విచారణలు.

• అసిస్టెంట్ డిఫెన్స్ కౌన్సెల్: మూడేళ్ల వరకు అనుభవం ఉన్న యువ లాయర్లు. పైవారికి సాయం చేస్తూ పని నేర్చుకుంటారు.

మొదట రెండేళ్ల కాంట్రాక్టు ఇస్తారు. పనితీరు బాగుంటే ఏడాదికోసారి పొడిగిస్తారు.

అవతలి పక్షంతో పోల్చి చూడండి. ప్రభుత్వం తరఫున సెషన్స్ కోర్టులో వాదించే పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు చట్టం అడిగేది కనీసం ఏడేళ్ల ప్రాక్టీసు. చీఫ్ డిఫెన్స్ కౌన్సెల్‌కు అడిగేది పదేళ్లు, పైగా విచారణల లెక్క. ‘ఫ్రీ లాయరా? జూనియర్‌ని ఎవరినో అంటగడతారు’ అనే మాటకు కాగితం మీద ఉన్న అర్హతలైతే ఆధారం ఇవ్వవు.

ఫీజు ఇచ్చి లాయర్ను పెట్టుకునేటప్పుడూ ఇవే అంకెలు దగ్గర పెట్టుకోండి. తీవ్రమైన సెషన్స్ కేసుకు పదేళ్లు, ముప్పై విచారణలు. ఓ మోస్తరు కేసుకు ఏడేళ్లు, ఇరవై విచారణలు. ఇంతకు తక్కువ ఉంటే పనికిరారని కాదు. అలాంటప్పుడు పక్కన అనుభవం ఉన్న సీనియర్ ఎవరున్నారో అడగాలి.

కావలిలో అడిగితే ఎవరు వస్తారు?

కావలి కోర్టుల దగ్గర మండల న్యాయసేవా సంఘం ఉంది. ఉచిత లాయరు కావాలంటే మొదట వెళ్లాల్సింది అక్కడికే. దీనికి పైన నెల్లూరులో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. ప్రధాన జిల్లా జడ్జి దానికి అధ్యక్షులు. రోజువారీ పనులు చూసేది కార్యదర్శి.

డిఫెన్స్ కౌన్సెల్ కార్యాలయాలు జిల్లా కేంద్రం ఆధారంగా ఏర్పాటయ్యాయి. కావలి, ఆత్మకూరు లాంటి చోట్ల కేసును బట్టి, కోర్టును బట్టి ఎల్ఏడీసీ లాయరు రావొచ్చు, ప్యానెల్ లాయరు రావొచ్చు. ప్యానెల్‌లో చేర్చుకోవడానికి నల్సా నిబంధనలు సాధారణంగా కోరేది కనీసం మూడేళ్ల అనుభవం. అంటే పైన చెప్పిన పదేళ్ల లెక్క ప్రతి ఉచిత లాయరుకూ వర్తించదు. అందుకే దరఖాస్తు ఇచ్చేటప్పుడే ‘వచ్చేది ఎల్ఏడీసీ వారా, ప్యానెల్ వారా? సెషన్స్ కేసులు నడిపిన అనుభవం ఉందా?’ అని అడగండి. ఫలానా లాయరు కావాలనో, అనుభవం ఉన్నవారు కావాలనో కారణంతో సహా కాగితం మీద రాసి ఇవ్వండి. తుది నిర్ణయం సంస్థదే అయినా మీరు అడిగినట్టు రికార్డు ఉంటుంది.

కావలి కోర్టుకు వెళ్లే వీలు లేకపోతే 15100 నంబరుకు ఫోన్ చేయొచ్చు. దేశమంతటా న్యాయసహాయానికి హెల్ప్‌లైన్ ఇదే.

ఎవరికి ఉచితం?

1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం 1995 నవంబరు 9న అమల్లోకి వచ్చింది. దాని 12వ సెక్షన్ ఎవరు అర్హులో చెబుతుంది. ఎస్సీలు, ఎస్టీలు, మహిళలు, పిల్లలు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులు, తుపాను, వరద లాంటి విపత్తుల బాధితులు, మనుషుల అక్రమ రవాణా బాధితులకు ఆదాయంతో సంబంధం లేదు. మిగతావారికి ఆదాయ పరిమితి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో అది ఏడాదికి 3 లక్షల రూపాయలు.

చాలామంది గమనించని వర్గం ఇంకొకటి ఉంది. కస్టడీలో ఉన్న వ్యక్తి ఎవరైనా అర్హులే. కులం, ఆదాయం ఏవీ అడ్డం రావు. పోలీసులు అరెస్టు చేసిన వ్యక్తి అయినా, నెల్లూరు శివారు చెముడుగుంట జైల్లో రిమాండులో ఉన్న వ్యక్తి అయినా ఉచిత లాయర్ను కోరవచ్చు.

ఉచితం అంటే లాయరు ఫీజు ఒక్కటే కాదు. కోర్టు ఫీజు, పిటిషన్ టైపింగ్, సర్టిఫైడ్ కాపీల ఖర్చూ అందులోకే వస్తాయి. ఉచిత సేవకు వచ్చిన లాయరు మీ దగ్గర డబ్బు అడగకూడదు, ఇచ్చినా తీసుకోకూడదు. అడిగితే జిల్లా సంస్థ కార్యదర్శికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయొచ్చు.

ఒక తేడా గుర్తుంచుకోవాలి. ఎల్ఏడీసీ లాయర్లు నిందితుల కోసమే. బాధితులు, ఫిర్యాదుదారులు, కుటుంబ, భూమి తగాదాలవారు అడిగితే ప్యానెల్ లాయర్లను ఇస్తారు.

అనుభవం గురించి ఇంత పట్టింపు ఎందుకు?

మధ్యప్రదేశ్‌లోని ఖండ్వాలో జరిగిన ఒక కేసు చూడండి. 2013లో ఒక చిన్నారి హత్యాచారం కేసులో ఒక యువకుణ్ని అరెస్టు చేశారు. ఫిబ్రవరి 19న అతనికి ఉచిత లాయర్ను ఇచ్చారు. అభియోగాలు నమోదైంది కూడా అదే రోజు. లాయరు ఫైలు చదువుకోవడానికీ, నిందితుడితో మాట్లాడటానికీ సమయమే లేదు. మార్చి 4న దోషి అని తీర్పు, ఆపై ఉరిశిక్ష వచ్చాయి.

2019 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ శిక్షను రద్దు చేసి మళ్లీ విచారించమంది. అప్పుడే రెండు నియమాలు పెట్టింది. యావజ్జీవం లేదా ఉరిశిక్ష పడే అవకాశమున్న కేసుల్లో న్యాయసహాయానికి కనీసం పదేళ్ల ప్రాక్టీసు ఉన్న లాయర్లనే పరిగణించాలి. ఆ లాయరు సిద్ధం కావడానికి సాధారణంగా కనీసం ఏడు రోజులైనా ఇవ్వాలి. ఆ వ్యక్తి చివరికి 2024లో నిర్దోషిగా విడుదలయ్యారు. అప్పటికి పదకొండేళ్లు గడిచాయి.

మన రాష్ట్రంలోనూ ఇలాంటి చేదు జ్ఞాపకం ఉంది. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఒక ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. 2008లో నందిగామ ప్రాంతానికి చెందిన ఒక యువకుణ్ని అరెస్టు చేశారు. 2010లో విజయవాడ కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతణ్ని నిర్దోషిగా ప్రకటించి, పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. అతను జైల్లో గడిపింది ఎనిమిదేళ్లకు పైనే. విద్యార్థిని కుటుంబానికి ఆ తీర్పుతో న్యాయమూ దొరకలేదు, అసలు దోషి ఎవరన్నదీ తేలలేదు.

ఆ కేసులో లాయర్లు తప్పు చేశారని కాదు. గమనించాల్సింది వేరే ఉంది. అప్పీలులో పై కోర్టు ప్రధానంగా చూసేది కింది కోర్టులో రికార్డయిన సాక్ష్యాన్నే. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడగని ప్రశ్నను ఏడేళ్ల తర్వాత హైకోర్టులో ఎంత పెద్ద సీనియరూ కొత్తగా అడగలేరు. కాబట్టి ‘ఇక్కడ ఎవరో ఒకరు చూస్తారు, పై కోర్టులో పెద్ద లాయర్ను పెడదాం’ అనుకోవడం ప్రమాదం. అనుభవం అవసరమయ్యేది మొదటి కోర్టులోనే.

అరెస్టయిన మొదటి 24 గంటల్లో లాయరు పనేంటి?

2024 జులై 1 నుంచి సీఆర్‌పీసీ స్థానంలో బీఎన్ఎస్ఎస్ అమల్లో ఉంది. సెక్షన్ల నంబర్లు మారినా ముఖ్యమైన హక్కులు అలాగే ఉన్నాయి.

• ఎందుకు అరెస్టు చేస్తున్నారో చెప్పాలి. ఆ కారణాలను నిందితుడికి అర్థమయ్యే భాషలో రాసి ఇవ్వాలని, అరెస్టు సమయంలో వీలుకాకపోతే మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచడానికి కనీసం రెండు గంటల ముందైనా ఇవ్వాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

• ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి.

• పోలీసులు ప్రశ్నించేటప్పుడు లాయర్ను కలవొచ్చు. విచారణ సాగినంతసేపూ పక్కన కూర్చోబెట్టుకునే హక్కు మాత్రం లేదు.

• లాయర్ను పెట్టుకునే స్తోమత లేకపోతే ఉచితంగా ఇస్తారని మేజిస్ట్రేటే నిందితుడికి చెప్పాలి. అడగలేదు కాబట్టి ఇవ్వలేదంటే కుదరదని 1986లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కారణంతోనే ఒక శిక్షను కొట్టేసింది.

రిమాండు రోజున లాయరు ఉంటే ఇవన్నీ జరిగాయో లేదో అప్పుడే చూస్తారు. ఒంటిమీద దెబ్బలుంటే కోర్టుకు చూపిస్తారు. ఆ రోజు నుంచి లెక్క కూడా మొదలవుతుంది. కేసు తీవ్రతను బట్టి 60 లేదా 90 రోజుల్లో ఛార్జిషీటు వేయకపోతే బెయిలు హక్కుగా వస్తుంది. గడువు దాటాక, ఛార్జిషీటు పడేలోపు పిటిషన్ వేయాలి. రోజులు లెక్కపెట్టుకోని లాయరు చేతిలో ఆ హక్కు జారిపోతుంది.

ఫోన్‌లో లాయరు రికార్డు చూడొచ్చా?

కొంతవరకు చూడొచ్చు. ‘ఈకోర్ట్స్ సర్వీసెస్’ యాప్, వెబ్‌సైట్ ప్రభుత్వానివే, ఉచితం. రాష్ట్రం, జిల్లా, తర్వాత కోర్టు సముదాయం ఎంచుకోండి. కేసులు వెతికే పద్ధతుల్లో అడ్వొకేట్ పేరుతో వెతికేది ఒకటి ఉంటుంది. పెండింగులో ఉన్నవీ, ముగిసినవీ వేర్వేరుగా చూడొచ్చు. ఆ లాయరు ఎక్కువగా సివిల్ దావాలు చూస్తున్నారా, క్రిమినల్ కేసులా? సెషన్స్ కేసులు ఎన్ని? ముగిసిన కేసుల్లో విచారణ దాకా వెళ్లినవి ఉన్నాయా? ఇవి అక్కడ తెలుస్తాయి.

ఈ వివరాలను జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. పేరు స్పెల్లింగ్ మారితే కేసులు కనిపించవు. అదే పేరుతో ఇంకొకరు ఉండొచ్చు. సీనియర్ నడిపిన కేసు జూనియర్ పేరు మీద ఉండొచ్చు. నిర్దోషులుగా తేలిన కేసులు ఎక్కువగా ఉన్నంత మాత్రాన గొప్ప లాయరని కూడా కాదు. సాక్షులు మాట మార్చినవి, రాజీ కుదిరినవి కూడా అందులో ఉంటాయి. గెలుపు శాతం కాదు, ఏ తరహా కేసులు ఎన్ని నడిపారన్నదే చూడండి.

మొదటి రోజే అడగాల్సినవి

1. మీరు ఎన్‌రోల్ అయింది ఏ సంవత్సరం? నంబరు ఎంత?

2. ఇలాంటి సెక్షన్ల కేసు మొదటి నుంచి తీర్పు దాకా ఎన్ని నడిపారు?

3. ప్రతి వాయిదాకు మీరే వస్తారా, జూనియర్ వస్తారా? క్రాస్ ఎగ్జామినేషన్ ఎవరు చేస్తారు?

4. ఫీజు బెయిలు వరకేనా, మొత్తం విచారణకా? కాగితం మీద రాసి ఇస్తారా?

5. ఛార్జిషీటు కాపీ, వాంగ్మూలాల కాపీలు మాకెప్పుడు ఇస్తారు?

మంచి లాయర్లు ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు. నొచ్చుకుంటే, తీవ్రమైన కేసు అప్పగించే ముందు ఇంకొకరితో కూడా మాట్లాడి చూడటం మంచిది.

కొన్ని మాటలు వినగానే జాగ్రత్తపడాలి. ‘బెయిలు గ్యారెంటీ’ అని ఎవరూ చెప్పలేరు, అది జడ్జి చేతిలో ఉంటుంది. ‘గెలిస్తేనే ఫీజు ఇవ్వండి’ అనే ఒప్పందాన్ని బార్ కౌన్సిల్ నిబంధనలు ఒప్పుకోవు. ‘లోపల ఇవ్వాల్సింది ఉంది’ అంటూ విడిగా డబ్బు అడిగితే అది నేరానికి దారి.

లాయర్ను మార్చుకునే హక్కు మీకుంది. ఫీజు బాకీ ఉందన్న కారణంతో కేసు ఫైలు ఇవ్వకుండా ఆపడం కుదరదని 2000లో సుప్రీంకోర్టు చెప్పింది. బాకీ వసూలుకు లాయరు వేరే దారి చూసుకోవాలి. మీ ఫైలును అడ్డం పెట్టుకోకూడదు.

మీరు లాయరుతో చెప్పింది బయటికి రాదు. సాక్ష్యాల కొత్త చట్టం 132వ సెక్షన్ ఆ రహస్యాన్ని కాపాడుతుంది. నేరం చేయడానికో, ఇకముందు చేయబోయే నేరానికో సలహా అడిగితే మాత్రం ఆ రక్షణ ఉండదు. జరిగింది జరిగినట్టు చెబితేనే లాయరు సరిగ్గా పనిచేయగలరు.

నేరం చేసినవాడి తరఫున వాదించడమేంటి?

డిఫెన్స్ లాయర్లు ఎప్పుడూ వినే ప్రశ్న ఇది. నేరం చేశారో లేదో తేల్చాల్సింది కోర్టు. అది తేలేదాకా రుజువు భారం సాధారణంగా ప్రాసిక్యూషన్ మీదే ఉంటుంది. ఆ రుజువును పరీక్షించడమే డిఫెన్స్ పని. నిందితుడు దోషా కాదా అన్న సొంత అభిప్రాయాన్ని పక్కనపెట్టి వాదించాలని బార్ కౌన్సిల్ నిబంధనలే చెబుతున్నాయి.

సంచలన కేసు జరిగినప్పుడు కొన్నిచోట్ల బార్ అసోసియేషన్లు ‘నిందితుడి తరఫున ఎవరూ వాదించకూడదు’ అని తీర్మానాలు చేస్తుంటాయి. అలాంటి తీర్మానాలు చెల్లవని 2010లో సుప్రీంకోర్టు తేల్చింది. ఊరంతా ఒకవైపు ఉన్నప్పుడు నిందితుడి పక్కన నిలబడిన లాయర్లు మనకూ ఉన్నారు. నెల్లూరుతో అనుబంధం ఉన్న కె.జి. కన్నబిరాన్ మద్రాసులో ఆర్థికశాస్త్రం, న్యాయశాస్త్రం చదివి, హైదరాబాద్ హైకోర్టులో పేరు తెచ్చుకున్నారు. పార్వతీపురం కుట్ర కేసు లాంటి వాటిలో నిందితుల తరఫున వాదించారు. పౌరహక్కుల సంఘానికి, ఆ తర్వాత జాతీయ స్థాయిలో పీయూసీఎల్‌కు అధ్యక్షులుగా పనిచేశారు. 2010 డిసెంబరులో కన్నుమూశారు. ఆయన రాజకీయాలతో ఏకీభవించనివారు కూడా చట్టం ప్రకారం రుజువు చేయాల్సింది ప్రభుత్వమే అన్న ఆయన వాదనను కాదనలేకపోయారు.

ఉచిత వ్యవస్థలో లోపాలు లేవా?

ఉన్నాయి. కాంట్రాక్టు ఉద్యోగం కావడంతో బాగా ప్రాక్టీసు ఉన్న లాయర్లందరూ దీనికి ముందుకు రారు. కేసుల సంఖ్య పెరిగితే ఒక్కో కేసుకు దొరికే సమయం తగ్గుతుంది. కావలి, బోగోలు, అల్లూరు లాంటి చోట్ల తీర గ్రామాల నుంచి వచ్చేవారికి జిల్లా కేంద్రంలో ఉండే లాయర్ను కలవడమే ఒక రోజు కూలి పోగొట్టుకునే పని. అందుకే ఉచిత లాయరు వచ్చారు కదా అని ఊరుకోకూడదు. వాయిదాకు ముందు ఫోన్ చేయండి, ఒకసారైనా కూర్చుని ఫైలు గురించి మాట్లాడండి. లాయరు వరసగా రాకపోతే జిల్లా సంస్థ కార్యదర్శికి రాయండి, మార్చమని అడగండి. పర్యవేక్షణ బాధ్యత ఆ సంస్థదే.

అసలు పెద్ద లోపం ఈ సేవ ఉందని తెలియకపోవడం. పోలీస్ స్టేషన్లు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, పోస్టాఫీసుల దగ్గర న్యాయసహాయం వివరాలు స్థానిక భాషలో బోర్డుల మీద పెట్టాలని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. కావలి బస్టాండులోనో, రైల్వే స్టేషన్లోనో ఆ బోర్డు మీకు కనిపించకపోతే మండల న్యాయసేవా సంఘానికి ఒక కాగితం రాసి ఇవ్వండి. ఈలోగా 15100 నంబరును ఫోన్‌లో సేవ్ చేసుకోండి. వాట్సాప్ గ్రూపులో మళ్లీ ఎవరైనా లాయరు పేరు అడిగితే, ఆ పేరుతోపాటు ఈ నంబరు కూడా పంపండి.